వచనాన్ని ఎక్కడ కత్తిరించాలి? బైబిల్ వాక్యం ఫోన్ తెరమీదికి వచ్చే దారి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసిన దగ్గర్నుంచి బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక బైబిల్ వచనం రాసి పంచే బొమ్మలు, మొదలవుతాయి. మారతహళ్లి అయినా, కేఆర్ పురం అయినా, ఎలక్ట్రానిక్ సిటీ అయినా అదే వరస. వాటిలో తరచూ కనబడే వచనం యోబు 8:7. "అప్పుడు నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." బంగారు రంగు అక్షరాలు, వెనక సూర్యోదయం.

ఈ మాట అన్నది దేవుడు కాదు, యోబు కూడా కాదు. యోబు స్నేహితుడు బిల్దదు అన్నాడు. పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషితో అన్నాడు. అంతకు మూడు వచనాల ముందే, నీ కుమారులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించి ఉంటాడు అని కూడా అన్నాడు. గ్రంథం చివరికి వచ్చేసరికి దేవుడు మరో స్నేహితుడైన ఎలీఫజును పిలిచి, నీమీద, నీ ఇద్దరు స్నేహితులమీద నాకు కోపం మండుతోంది, యోబు పలికినట్లు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు (42:7). ఆ ఇద్దరిలో బిల్దదు ఒకడు. దేవుడే తప్పుపట్టిన సలహాను మనం ఏడాది వాగ్దానంగా పంచుతున్నాం.

యోబు చివరి స్థితి గొప్పగా ఉందని చెప్పాలనుకుంటే దానికి సరైన వచనం అదే గ్రంథంలో ఉంది. "యెహోవా యోబును మొదట ఆశీర్వదించినంతకంటె మరి అధికముగా ఆశీర్వదించెను" అని 42:12 చెబుతుంది. ఓదార్పు అదే, ఆశ అదే, పలికిన నోరు మాత్రం వేరు. కార్డు చేసేవాళ్లు 8:7 దగ్గర ఆగకుండా మరో పది నిమిషాలు పేజీలు తిప్పితే చాలు.

వాక్యాన్ని సృజనాత్మకంగా పంచడం అనగానే చాలామంది ఫాంట్లు, రంగులు, వీడియో ఎఫెక్టుల దగ్గర మొదలుపెడతారు. వాటి సంగతి కింద వివరంగానే ఉంది. కానీ మొదటి నిర్ణయం వాటికన్నా ముందే జరిగిపోతుంది. వాక్యాన్ని ఎక్కడ మొదలుపెడుతున్నాం, ఎక్కడ ఆపుతున్నాం అన్నదే ఆ నిర్ణయం. కార్డులో ఎంత ప్రతిభ చూపించినా ఆ కత్తిరింపు తప్పితే మిగతాదంతా ఆ తప్పుకు అలంకారమే అవుతుంది.

అంకెలు తర్వాత వచ్చాయి

మనం చూసే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదిగా చెబుతారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు వేసినవాడు రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. అపొస్తలుడు పౌలు ఎఫెసీయులకు ఉత్తరం రాసినప్పుడు ఏ అంకెలూ లేవు. దాని మొదటి అధ్యాయంలో మనం 3 నుంచి 14 దాకా పన్నెండు వచనాలుగా చదివేది గ్రీకులో ఒకే వాక్యంగా నడుస్తుంది. వచన సంఖ్య చోటు వెతుక్కోవడానికి పనికొచ్చే గుర్తు. ఆలోచన అక్కడ మొదలై అక్కడే ముగుస్తుందన్న హామీ అందులో లేదు.

అందుకే కార్డుకు వచనం ఎంచుకున్నాక వెనక పది వచనాలు, ముందు పది వచనాలు చదవాలి. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఏ సందర్భంలో? మొదటి ప్రశ్నకు జవాబు "అపవాది", అంటే సాతాను, అయినా కార్డులు తయారయ్యే ప్రమాదం ఉంది. లూకా 4:7లో "నీవు నాకు మ్రొక్కితివా యిదంతయు నీదగును" అన్న మాట ఒంటరిగా చదివితే భక్తి వాక్యంలాగే వినబడుతుంది. పలికింది సాతాను, విన్నది యేసు. మత్తయి 4:6లో అదే అపవాది 91వ కీర్తనలోని మాటల్ని ఎత్తి చూపిస్తాడు. సందర్భం లేకుండా వచనం వాడటం ఎవరి పద్ధతో చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

సగం వచనం తీసుకోవడం ఇంకో రకం తప్పు. మత్తయి 6:33లో "అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును" అన్న చివరి ముక్క మాత్రమే కార్డులో పెడితే "అవన్నియు" అంటే కారు, ఇల్లు, వీసా అని చదివేవాళ్లు అనుకుంటారు. ముందు సగంలో ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి అనే షరతు ఉంది. "అవి" ఏమిటో 25 నుంచి 32 వరకు ఉంది: తిండి, నీళ్లు, బట్ట. ఫిలిప్పీయులకు 4:13 కూడా ఇంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట పరీక్షల సీజన్‌లో, జిమ్ ఫోటోలమీద కనబడుతుంది. దాని ముందు వచనంలో పౌలు చెప్పేది కడుపు నిండి ఉండటమూ, ఆకలితో ఉండటమూ రెండూ నేర్చుకున్నానని. గెలుపు గురించి కాదు ఆ మాట, ఏ స్థితిలోనైనా నిలబడటం గురించి. పరీక్ష తప్పిన పిల్లవాడికి అది ఇంకా బాగా చేరుతుంది. అలాంటి పిల్లవాడికి పంపమనే మా సలహా.

ఒక వచనం, ఐదు స్లైడ్లు

యిర్మియా 29:11 తీసుకుందాం. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు, ఇదే యెహోవా వాక్కు." గోడ గడియారాలమీద, పెళ్లి శుభలేఖలమీద, డిగ్రీ పట్టా పక్కన కనిపించే వచనం ఇది.

అసలు ఇది ఒక ఉత్తరంలోని మాట. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు యిర్మియా రాసి పంపిన ఉత్తరం అది. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందని ప్రకటించాడు. జనం ఆ మాట వినాలనే కోరుకుంటారు. యిర్మియా మాత్రం డెబ్బై ఏళ్లు అన్నాడు. అప్పటిదాకా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరు చేరిన పట్టణం క్షేమం కోరండి, దానికోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. ఇవి 5 నుంచి 7 వచనాలు. అందరికీ తెలిసిన 11వ వచనానికి నాలుగు వచనాల పైనే ఈ మాట ఉంది. అనంతపురం నుంచో, నెల్లూరు నుంచో, కర్నూలు నుంచో వచ్చి బెంగళూరులో అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలకు 7వ వచనం మనసుకు తగులుతుంది. ఉద్యోగం కోసం రావడమూ చెరపట్టబడి రావడమూ ఒకటి కాదు, ఆ తేడాను కార్డులో దాచకూడదు. కానీ మనది కాని ఊరికోసం ప్రార్థన చేయమనే మాట వినాల్సినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

దీన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో ఐదు స్లైడ్ల పోస్టుగా ఇలా చేయవచ్చు. మొదటి స్లైడులో వచనం పెట్టకండి, ప్రశ్న పెట్టండి: "రెండేళ్లా, డెబ్బై ఏళ్లా?" రెండోదానిలో రెండు వాక్యాల్లో సందర్భం: ఉత్తరం ఎవరు రాశారు, ఎవరికి. మూడోదానిలో 7వ వచనం పూర్తిగా. నాలుగోదానిలో 11వ వచనం పూర్తిగా, అనువాదం పేరుతో సహా. ఐదోదానిలో చదివినవాళ్లు చేయగలిగిన ఒక పని: మీ వీధిపేరు రాసుకుని ఈ వారం దానికోసం ప్రార్థించండి. ఇంత మాత్రం చేస్తే అదే 11వ వచనం బరువు పెరుగుతుంది. డెబ్బై ఏళ్ల తర్వాత అన్న మాట తెలిశాక చదివిన ఆశ, తెలియకముందు చదివిన ఆశ కన్నా గట్టిది.

రోజుకో వచనం ఎక్కడెక్కడినుంచో ఏరడం కన్నా ఒక చిన్న పుస్తకాన్ని వరసగా తీసుకోవడం మేలు. యోనా నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు. రోజుకు నాలుగు వచనాల చొప్పున పన్నెండు రోజులు. రూతు 85 వచనాలు. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, హెబ్రీ అక్షరమాల వరసలో. వారానికో భాగం అనుకుంటే అయిదు నెలల పని. వరసగా వెళ్లినప్పుడు మనకు నచ్చిన వచనాలే కాక నచ్చనివి కూడా ఎదురవుతాయి, సందర్భం దానంతటదే వస్తుంది.

ఏ అనువాదం, ఎవరి హక్కు

తెలుగు విశ్వాసుల నోట్లో నాటుకున్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే పాత అనువాదం. ఆ సంస్థ కేంద్ర కార్యాలయం బెంగళూరు ఎం.జి. రోడ్డులోనే ఉంది. యాప్‌లలో ఆ అనువాదం అడుగున సంస్థ హక్కుల ప్రకటన కనిపిస్తుంది. ఒక వచనాన్ని అధ్యాయం, సంఖ్య, అనువాదం పేరుతో ఉదహరించడం వేరు. అధ్యాయాలకు అధ్యాయాలు సైటులో ఎక్కించడం, అమ్మే క్యాలెండరు వేయడం, యాప్ తయారుచేయడం వేరు. రెండో రకం పనులకు ముందుగా రాతపూర్వక అనుమతి అడగాలి.

స్వేచ్ఛగా వాడుకోదగ్గ తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, బిబ్లికా సంస్థ ఓపెన్ తెలుగు సమకాలీన అనువాదం రెండూ క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 లైసెన్సు కింద ఉన్నాయి. మూలాన్ని పేర్కొనాలి, మార్చితే మార్చామని చెప్పాలి, మార్చి చేసినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఈ మూడు షరతులు పాటిస్తే డబ్బు కట్టాల్సిన పని లేదు. యువతకు వాడుక భాష సులభంగా అర్థమవుతుంది, పెద్దలకు పాత అనువాదం కంఠస్థం. ఒకే కార్డులో రెండూ ఇరికించకుండా, బొమ్మలో ఒకటి, కింది క్యాప్షన్‌లో ఇంకొకటి పెట్టండి.

వచనాన్ని జ్ఞాపకం నుంచి టైపు చేయకూడదు. కృత్రిమ మేధ చాట్ యాప్‌ను అడిగి తీసుకోవడం అంతకన్నా ప్రమాదం. అవి పాత అనువాదం ధోరణిలో నమ్మకంగా వినిపించే మాటలు అల్లేస్తాయి, వచన సంఖ్య కూడా తప్పు ఇస్తాయి. బైబిల్ యాప్ నుంచి కాపీ చేసి, అచ్చు పుస్తకంతో ఒకసారి సరిచూసి, ఇంకొకరి చేత చదివించి అప్పుడు పోస్టు చేయాలి.

తెలుగు అక్షరం పెట్టే ఇబ్బందులు

ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్ టెంప్లేటులో తెలుగు అతికిస్తే మూడు చోట్ల చెడుతుంది. మొదటిది వరసల మధ్య ఎడం. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. "స్త్రీ", "క్ష్మీ" లాంటివి పైకీ కిందికీ రెండువైపులా పోతాయి. వరసల ఎడం అక్షర పరిమాణానికి 1.2 రెట్ల దగ్గర ఉంటే పై వరస ఒత్తు కింది వరస గుడిలో గుచ్చుకుంటుంది. 1.5 నుంచి 1.6 పెట్టాలి. రెండోది అక్షరాల మధ్య ఎడం. దాన్ని సున్నా దగ్గరే ఉంచాలి. కొన్ని యాప్‌లలో ఎడం పెంచగానే ఒత్తులు అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతాయి. మూడోది నకిలీ బోల్డు. ఫాంటులో అసలు బోల్డు లేకపోయినా యాప్ బొద్దుగా చేసి చూపిస్తుంది. అలా చేసినా, అక్షరాల చుట్టూ అంచు గీసినా ధ, భ, ఫ అక్షరాల్లోని చిన్న ఒత్తు గీత పూడిపోతుంది. "బాధ" కాస్తా "బాద" అవుతుంది.

ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, నోటో సెరిఫ్ తెలుగు వంటివి ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బరువైనది, రెండు మూడు మాటల శీర్షికకు బాగుంటుంది. వచనానికి మండలి లేదా నోటో సెరిఫ్ మేలు. ఒక కార్డులో రెండు ఫాంట్లకు మించితే కన్ను నిలవదు.

ఫోటోషాప్ పాత వెర్షన్లలో "క్రీస్తు" టైపు చేస్తే అక్షరాలు విడివిడిగా, పొల్లులతో కనబడటం చాలామందికి ఎదురయ్యే సమస్య. తప్పు ఫాంటుది కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజన్‌ను వరల్డ్-రెడీ లేఅవుట్‌కు మార్చి, ప్రోగ్రామును మూసి తెరిచి, కొత్త ఫైలులో టైపు చేస్తే కుదురుతుంది. ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చిన పాత అను ఫాంట్ల ఫైళ్ల సంగతి వేరు. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాదు, ఇంగ్లీషు కీల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. వాటిని ఫోనులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. కన్వర్టరుతో మార్చాక ఒత్తులను, బండి ఱను ఒక్కొక్కటిగా సరిచూడాలి. పాత అనువాదంలో "దుడ్డుకఱ్ఱ" లాంటి మాటలు ఉంటాయి కాబట్టి ఈ పని తప్పదు.

కొలతలు చెప్పాలంటే, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు 1080 బై 1350 పిక్సెళ్లు, స్టేటస్‌కు, స్టోరీకి 1080 బై 1920. నాలుగు వైపులా కనీసం 90 పిక్సెళ్లు ఖాళీ వదలాలి. స్టోరీలో పైనా కిందా 250 దాకా వదిలితే పేరు, రిప్లై గడి వచనంమీద పడవు. 1080 వెడల్పు బొమ్మలో అక్షరం 54 పిక్సెళ్లకు తగ్గితే మామూలు ఫోనులో దాదాపు మూడు మిల్లీమీటర్లే కనబడుతుంది, చత్వారం ఉన్న పెద్దవాళ్లు చదవలేరు. 54 దగ్గర పట్టని వచనమైతే కార్డు రెండుగా చేయండి. అక్షరం తగ్గించకండి. వరస విరిచేటప్పుడు అర్థం ఆగిన చోట విరవాలి. "యెహోవా నా కాపరి / నాకు లేమి కలుగదు" అన్నట్టు. యాప్ తనంతట తాను విరిస్తే "నాకు" పై వరసలో ఒంటరిగా వేలాడుతుంది.

ఫోటోమీద రాసేటప్పుడు ఫోటోకూ అక్షరానికీ మధ్య 40 నుంచి 50 శాతం గాఢతతో నల్లపొర వేసి తెల్ల అక్షరాలు పెట్టడం ఎప్పుడూ నమ్మదగ్గ పద్ధతి. ముదురు వెనకతలంమీద సన్నటి ఎర్ర అక్షరాలు వద్దు. జేపీజీ ఫైలు వెలుతురు వివరాన్ని ఎక్కువగా దాచుకుంటుంది గానీ రంగు వివరాన్ని సాధారణంగా ఇంకా తగ్గించి దాస్తుంది, అందువల్ల ఎరుపు అంచులు అలుక్కుపోతాయి. వాట్సాప్ మళ్లీ ఒకసారి కుదిస్తుంది. పీఎన్‌జీగా సేవ్ చేసి, పంపేటప్పుడు ఎచ్‌డీ నొక్కితే చాలావరకు నిలుస్తుంది.

బొమ్మ ఎంపికలో ఒక్క మాట. 23వ కీర్తనకు స్కాట్లాండు పచ్చిక బయళ్లు అక్కర్లేదు. బెంగళూరు దాటి కోలారు వైపో, హిందూపురం వైపో వెళితే గొంగడి కప్పుకున్న కాపరి, చేతికర్ర, ఎండిన గడ్డిలో మేసే మంద రోడ్డు పక్కనే ఉంటాయి. కీర్తన పుట్టిన నేల కూడా పొడి నేలే. అక్కడ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడం అంటే ఏమిటో ఆ ఫోటో చెబుతుంది. కాపరిని అడిగి తీయండి.

చదవలేని తెలుగువాళ్లు

బెంగళూరులో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి మాట వచ్చు, లిపి రాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కన్నడ. సండే స్కూలు టీచర్లకు ఇది రోజూ తెలిసిన విషయమే. వీళ్లకు తెలుగు అక్షరాల కార్డు ఒక బొమ్మ మాత్రమే.

ఇక్కడ బెంగళూరుకు ఒక సౌలభ్యం ఉంది. కన్నడ, తెలుగు లిపులు దగ్గరి చుట్టాలు. యూనికోడ్‌లో రెండూ ఒకే వరసలో పక్కపక్కనే ఉన్నాయి. చాలావరకు ఏ తెలుగు అక్షరానికైనా సరిగ్గా 128 స్థానాల అవతల దాని కన్నడ జంట ఉంటుంది. అందువల్ల తెలుగు వచనాన్ని కన్నడ లిపిలోకి మార్చడం అక్షరముఖ వంటి ఉచిత సాధనంలో క్షణాల పని, ఉచ్చారణ కూడా దాదాపు చెక్కుచెదరదు. సరిచూడాల్సింది బండి ఱ. అది కన్నడలో వాడుక తప్పిన పాత అక్షరంగా మారుతుంది, పిల్లలు గుర్తుపట్టరు. దాన్ని మామూలు రకారంగా మార్చేయాలి. పైన తెలుగు, కింద అదే తెలుగు కన్నడ లిపిలో పెట్టిన కార్డులు పిల్లలకు వచనం నేర్పుతాయి, లిపి పోలికను కూడా చూపుతాయి.

చెన్నైలో ఈ ఉపాయం పనిచేయదు. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత చదివిన పిల్లలకు తమిళ లిపి బాగా వచ్చు. కానీ ఆ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. వచనం చదివితే మాట మారిపోతుంది. అక్కడ గొంతే దారి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు రెండు ఊళ్లలోనూ వాడుకలో ఉంది గానీ ద, డలకు, న, ణలకు తేడా ఉండదు. పరిచయం లేని వచనాన్ని అందులో సరిగ్గా పలకడం కష్టం.

గొంతు

తెలుగు వచనానికి అన్నిటికన్నా మంచి వాహనం మనిషి గొంతు అని గట్టిగా చెప్పవచ్చు. పాత అనువాదం చెవికోసం రాసినట్టే ఉంటుంది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న పిలుపు కంటితో చదివితే పాతబడినట్టు అనిపిస్తుంది, చెవిన పడితే పిలిచినట్టే ఉంటుంది.

ఖరీదైన మైకు అవసరం లేదు. ఫోనును నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోవాలి. ఎదురుగా పట్టుకుంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి మైకుకు తగిలి దబ్బుమంటుంది. ఫ్యాను ఆపాలి. ఖాళీ గదిలో గొంతు మారుమోగుతుంది, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ఎదుట కూర్చుంటే ఆ మోత తగ్గుతుంది. అర నిమిషంలో 40 నుంచి 50 తెలుగు మాటలకు మించి చదివితే పరుగు అవుతుంది. వచనం ముందు ఒక వాక్యం సందర్భం, తర్వాత వచనం, తర్వాత రెండు సెకన్ల మౌనం, చివర అధ్యాయం, సంఖ్య. ఆ మౌనాన్ని ఎడిటింగులో కోసేయకండి.

వెనక సంగీతం పెడితే గొంతుకన్నా 18, 20 డెసిబెళ్లు తక్కువ ఉండాలి. పాత కీర్తన కదా, ఎవరికీ హక్కు ఉండదనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు సాహిత్యం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కానీ దాన్ని ఎవరో పాడి రికార్డు చేసినదానికి విడిగా, ప్రచురణ నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది. కీర్తన మీరే పాడుకోండి, లేదా సంఘంలో వాయించేవాళ్ల చేత కొత్తగా వాయించుకోండి.

శబ్దం ఆపి చూసేవాళ్ల కోసం అక్షరాలు కూడా వేయాలి. యాప్ తనంతట తాను వేసే తెలుగు సబ్‌టైటిళ్లు గ్రాంథిక రూపాల్ని పట్టుకోలేవు, చేత్తో సరిచేయాల్సిందే. యూట్యూబులో ఇంకో చిక్కు ఉంది. వివరణలోనో కామెంటులోనో "యోహాను 3:16" అని రాస్తే, వీడియో అంతకన్నా పొడవైనదైతే, యూట్యూబు దాన్ని 3 నిమిషాల 16 సెకన్ల దగ్గరికి లింకుగా మార్చేస్తుంది. అక్కడ "3వ అధ్యాయం 16వ వచనం" అని రాయడమే సరి.

బ్లాగు ఎందుకింకా

స్టేటస్ 24 గంటల్లో పోతుంది, రీలు వారంలో అడుగుకు చేరుతుంది. సందర్భం వివరించడానికి 500 మాటల చోటు, రెండేళ్ల తర్వాత వెతికినా దొరికే గుణం బ్లాగుకే ఉన్నాయి. కార్డు తలుపు అయితే బ్లాగు లోపలి గది.

వచనాన్ని బ్లాగులో బొమ్మగా పెట్టి వదిలేస్తే వెతుకులాటలో దొరకదు, కళ్లు కనబడనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపించలేదు. అక్షరాలుగా టైపు చేయాలి, బొమ్మ వివరణ గడిలోనూ వచనం రాయాలి. పాత అనువాదంలో మాటలు కలిసిపోయి ఉంటాయి. "నేనెరుగుదును" అని అక్కడ ఉంటే జనం "నేను ఎరుగుదును" అని వెతుకుతారు. వ్యాసంలో ఎక్కడో ఒకచోట విడదీసిన రూపం, ఇంగ్లీషు అక్షరాల్లో వెతికే రూపం కూడా సహజంగా రానివ్వండి.

లింకు చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో, పుస్తకం పేరు, అధ్యాయం, వచనంతో మీరే పెట్టుకోవాలి. తెలుగు పెడితే వాట్సాప్‌లో అతికించినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాల సంకేతంగా విచ్చుకుంటుంది. "యెహోవా" ఒక్కటే 54 అక్షరాలు అవుతుంది. చూసినవాళ్లు మోసపు లింకు అనుకుని నొక్కరు. బ్లాగర్‌లో ఇంకో రకం: శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే చిరునామా ఏ అర్థమూ లేని మామూలు పేరు, ఒక అంకెతో తయారవుతుంది. ప్రచురించకముందే మార్చుకోవాలి, తర్వాత మారిస్తే పంచిన లింకులు పనిచేయవు. లింకుతో పాటు కనబడే బొమ్మను 1200 బై 630 పిక్సెళ్లలో విడిగా చేయండి. నిలువు కార్డును అలాగే వదిలితే వచనం నడుం దగ్గర తెగుతుంది.

ఎక్కడ పంచాలి, ఎక్కడ ఆగాలి

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పడతారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఇది మంచి నియమం, అడగనివాళ్లకు వెళ్లదు. 2018 నుంచి మన దేశంలో ఒకసారికి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయలేం. "పది మందికి పంపితే ఆశీర్వాదం" అనే గొలుసు సందేశాలు ఆ హద్దు లేకపోయినా చేయకూడనివే. అవి వాక్యాన్ని తాయెత్తులా మారుస్తాయి.

అపార్టుమెంటు సంఘం గ్రూపు, ఆఫీసు గ్రూపు, బడి తల్లిదండ్రుల గ్రూపు నీళ్ల ట్యాంకరు, లిఫ్టు, హోమ్‌వర్కు కోసం పెట్టినవి. అక్కడ వాక్యం పెట్టడం ఎదుటివాళ్ల సమ్మతి లేకుండా మాట్లాడటమే. ఇతర మతాల దేవుళ్లతో పోలికలు పెట్టే కార్డులు అసలు వద్దు. ద్వేషబుద్ధితో, ఉద్దేశపూర్వకంగా మత విశ్వాసాల్ని అవమానించడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద నేరం. చట్టం మాట అలా ఉంచితే, ప్రేమ లేకుండా పంచిన వాక్యం ఎవరి హృదయానికీ చేరదు.

ప్రార్థన మనవులను వాక్యంతో కలిపి పోస్టు చేసేటప్పుడు రోగి పేరు, ఆసుపత్రి వార్డు, రిపోర్టు ఫోటో పెట్టకండి. సండే స్కూలు పిల్లల ముఖాలు కనబడే వీడియోకు తల్లిదండ్రుల అనుమతి రాతలో తీసుకోండి. దుఃఖంలో ఉన్న ఇంటికి "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న రోమా 8:28 కార్డు కన్నా "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న యోహాను 11:35 ముందు వెళ్లాలి. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు.

తప్పు పోయినప్పుడు

వచన సంఖ్య తప్పో, అక్షరం తప్పో తప్పకుండా ఎప్పుడో పోతుంది. వాట్సాప్‌లో టైపు చేసిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు సవరించవచ్చు, ఆ తర్వాత రెండు రోజులకు పైగా అందరి దగ్గరా తొలగించే వీలుంటుంది. బొమ్మనైతే సవరించలేరు, తొలగించి మళ్లీ పంపాలి. అప్పటికే ఎవరైనా ఫార్వర్డ్ చేసి ఉంటే ఆ కాపీ మీ చేతిలో ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ ఎప్పుడైనా మార్చవచ్చు, ఫోటో మార్చలేరు. అనేక స్లైడ్ల పోస్టులో మాత్రం తప్పున్న స్లైడును విడిగా తీసేయవచ్చు.

తొలగించి ఊరుకోవద్దు. తప్పు కార్డు చూసినవాళ్లకు సరైనది చూపాలి కాబట్టి కొత్త కార్డు మూలలో చిన్నగా "సవరించినది" అని, తేదీ వేసి, క్యాప్షన్‌లో ఏది మారిందో ఒక వాక్యం రాసి అదే గ్రూపుల్లో పెట్టాలి. కార్డు అసలు ఫైలును అధ్యాయం, వచనం, అనువాదం, తేదీ కలిపిన పేరుతో దాచుకుంటే ఈ పని అయిదు నిమిషాల్లో అవుతుంది. ఫోను గ్యాలరీలో బొమ్మ మాత్రమే మిగిలితే మొదటినుంచి చేయాల్సి వస్తుంది.